ఒక్క రోజు ఎక్కువ

మార్చి 4
షాపు నుంచి

ఒరేయ్ బావమరిదీ,

నేను నీకు రాసి ఎనిమిది నెలలైంది. నువ్వు నాకు రాసి పది నెలలు. కాబట్టి నన్ను తిట్టే హక్కు నీకు రెండు నెలలు తక్కువ. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదువు.

ముందే చెప్తున్నాను, జవాబు ఇంటికి రాయకు. షాపు అడ్రసుకే రాయి. ఫోను అసలే చెయ్యకు. ఆ ఫోను పక్కనే మీ అక్క కూర్చుంటుంది, ఇందులో సంగతి ఆవిడకి తెలియకూడదు.

పోయిన నెల నడుము పక్కన నొప్పి వస్తే, కిడ్నీలో రాయేమోనని స్కాను తీశారు. రాయి లేదు. స్కాను తీసే పిల్ల నా పొట్ట మీద జెల్లు రాసి, ఆ పరికరాన్ని అటూ ఇటూ జరుపుతూ, ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. నలభై ఏళ్లుగా జనానికి కొలతలు తీస్తున్నవాణ్ణి. కొలిచే మనిషి నోరు మూసుకుందంటే కొలత ఎక్కడో తేడాగా వచ్చిందని నాకు తెలియదూ?

గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం ఒకటి ఉంటుందట. మామూలుగా బొటనవేలంత లావుంటే చాలు. నాది బొడ్డు వెనకాల ఉబ్బి తిత్తిలా తయారైంది. అయిదు సెంటీమీటర్ల తొమ్మిది మిల్లీమీటర్లు. అయిదున్నర దాటితే బాగు చెయ్యాలన్నది వాళ్ల లెక్క. నొప్పి దీనివల్ల కాదట, అది ఏదో కండరం పట్టడం. ఈ తిత్తి మాత్రం నోరు విప్పకుండా పెరుగుతుందట. ఒకవేళ పగిలితే ఆసుపత్రి గుమ్మం చూసేవాళ్లే సగంమంది ఉండరని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ మంచిది. చెప్పాక మంచినీళ్లు కూడా ఇచ్చింది.

బాగు చెయ్యడానికి రెండు దారులు. ఒకటి, పొట్ట నిలువునా కోసి, తిత్తి విప్పి, అందులో గుడ్డ గొట్టం ఒకటి కుట్టేయడం. రెండోది, పొట్ట ముట్టుకోకుండా, తొడల మొదట్లో ఉన్న రక్తనాళాల్లోంచి మడత పెట్టిన గొట్టాన్ని పైకి పంపి, ఆ ఉబ్బు లోపల గొడుగులా విప్పడం. అంటే కోటుకి లైనింగు వేసినట్టన్నమాట.

నీకు పెళ్లాం లేకపోయినా పైపులున్నాయి. జీవితమంతా వాటితోనే కాపురం చేశావు. చెప్పు, ఏది మంచిది?

ఈ మధ్య నాలుగింటికే షాపు కట్టేస్తున్నాను. వయసు. మీ అక్క కులాసా.

నీ బావ

*

మార్చి 13
పైపులైను క్యాంపు

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం సైటు ఆఫీసులో నాలుగు రోజులు పడుంది. చదివాక అన్నం సయించలేదు. తరవాత, మీరు అంత వేళాకోళంగా రాశారంటే మరీ అంత ప్రమాదం లేదేమోనని తిన్నాను. నా తిండి సంగతి మీకు తెలిసిందే.

అడిగారు కాబట్టి పైపులవాడిగానే చెప్తాను. లోపల తొడుగు వద్దు. కోసి మార్చించుకోండి.

ఎందుకో వినండి. అయిదేళ్ల కిందట ఒక పాత మెయిన్ లైను చివికిపోతే, రోడ్డు తవ్వడం ఎందుకులే అని లోపలికి కొత్త తొడుగు దూర్చాం. అందరూ చప్పట్లు కొట్టారు. మూడేళ్లు బంగారంలా నడిచింది. నాలుగో ఏడు పైజాయింటు దగ్గర తొడుగు కాస్త జారింది. కాస్తంటే వెంట్రుకవాసి. తొడుగుకీ పాత గోడకీ మధ్యలోకి నీళ్లు దూరి, ఆ గోడనే పగలగొట్టాయి. సగం వీధి కుంగింది. అదే, తవ్వి తీసి కొత్త పైపు వేసిన లైన్లున్నాయే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వేసినవి, ఇప్పటికీ ఎవరూ వాటి మొహం చూడాల్సిన పని పడలేదు.

కోస్తే రెండు నెలలు మంచం మీద ఉండాలంటారు, అంతేగా? ఉండండి. మా అక్క ఉంది. ఇన్నేళ్లలో మీరు ఒక్కపూట మంచం మీద పడుకుని ఆవిడ చేత జావ తాగించుకున్నది లేదు. ఆ ముచ్చటా తీరుతుంది. ఆవిడకి చెప్పకుండా దాచడం మాత్రం నాకు నచ్చలేదు. రేపు పొట్ట మీద జానెడు కుట్టు కనిపిస్తే ఏం చెప్తారు, జిప్పు పెట్టించుకున్నాననా?

ఇంకో మాట. మీ ఉత్తరాల అడుగున అక్క ఎప్పుడూ ఒక ముక్క గీకేది. ఏడాది పైనయింది, అది కనిపించడం లేదు. ఇది షాపు నుంచి రాశారు, సరే. అంతకు ముందువాటి మాటేమిటి? నా మీద కోపం ఇంకా పోలేదా ఆవిడకి?

ఇట్లు
మీ బావమరిది

*

మార్చి 22

ఒరేయ్ మేస్త్రీ,

నీ పైపుల పాఠం డాక్టరమ్మకి అప్పజెప్పాను. నవ్వలేదు సరికదా, కాగితం మీద రాసుకుంది. "మీ బావమరిది చెప్పింది చాలావరకు నిజమే" అంది. నువ్వు చెప్పింది నిజమని ఒకరు అనడం ఇదే మొదలు కాబట్టి రాస్తున్నాను.

ఇవి ఆవిడ చెప్పిన లెక్కలు. కోసి చేస్తే నూటికి నలుగురైదుగురు ఆ నెలలోనే పోతారు. గట్టెక్కినవాళ్లకి వారం పది రోజులు ఆసుపత్రి, రెండు రెండున్నర నెలలు ఇల్లు. బిందెడు నీళ్లు కూడా ఎత్తకూడదు. కానీ ఆ తరవాత దాని ఊసెత్తాల్సిన పని దాదాపు ఉండదు. తొడుగైతే పోయేది నూటికి ఒకరు. మూడో రోజుకి ఇంటికి రావచ్చు. కానీ ఏటేటా స్కాను తీయించుకోవాలి, బతికున్నంత కాలం. ఎక్కడైనా సందు దొరికి రక్తం తిత్తిలోకి కారితే మళ్లీ లోపలికి వెళ్లి సరిచెయ్యాలి. అయిదుగురిలో ఒకరికి అలా ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందట. కొన్నేళ్లు పోయాక చూస్తే రెండు రకాలవాళ్లూ ఇంచుమించు సమానంగానే బతికి ఉంటారట.

అది విని నేను అడిగాను, మరి ఇంత పోలిక ఎందుకమ్మా అని. "ఎవరి నడుముకి ఏ ప్యాంటో మీకు నేను చెప్పాలా?" అంది. మనిషి నాకు నచ్చింది.

నా కడుపు ఫొటో పెద్ద తెర మీద పెట్టి గీతలు గీసి కొలిచింది. పొడవు, లావు, వంపు, అన్నీ. తిత్తికి పైన తొడుగు పట్టుకోవడానికి కాస్త మంచి రక్తనాళం ఉండాలట, దాన్ని మెడ అంటారు. పదిహేను మిల్లీమీటర్లుంటే మేలు. నాకు పదకొండే. "వెయ్యొచ్చు, కానీ పట్టు అంతంత మాత్రమే" అంది. మెడ పొట్టివాడికి కాలరు కుట్టడం ఎంత కష్టమో నాకు తెలియనిదా!

అన్నట్టు, ఆ గొట్టం దేంతో చేస్తారో తెలుసా? పాలిస్టరు! జన్మంతా పాలిస్టరును తిట్టాను. చెమట పీల్చదు, ఇస్త్రీ నిలవదు అని వచ్చినవాళ్లందరి చేతా నూలు కొనిపించాను. చివరికి అదే నా కడుపులోకి వస్తానంటోంది.

నేను తొడుగుకే సరే అన్నాను. మే 12న తేదీ ఇచ్చింది. స్కూలు యూనిఫారాల ఆర్డరు ఉందిరా, రెండు నెలలు మంచం మీద కూర్చుంటే కుదరదు.

నీ బావ

తమ్ముడికి ఆశీస్సులు. నేను బాగున్నాను. నీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో. — అక్క

*

ఏప్రిల్ 3

బావగారికి,

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. యూనిఫారాలట! యూనిఫారాలు ఇంకో దర్జీ కుట్టలేడా? పదకొండు మిల్లీమీటర్ల పట్టు మీద ప్రాణం వేలాడదీస్తారా? మా సైటులో అలాంటి జాయింటు వేసినవాణ్ణి నేను ఆ రోజే ఇంటికి పంపిస్తాను. ఇక ఏటేటా స్కాను సంగతంటారా, కళ్లజోడు మార్చుకోవడానికి ఆరేళ్లు పట్టిన మనిషి మీరు.

నిజం చెప్పండి. కత్తికి భయం మీకు. ఊళ్లోవాళ్ల గుడ్డలు కరకరా కత్తిరించిన చెయ్యి, తన మీదికి కత్తెర వచ్చేసరికి వణికింది. భయమైతే భయమని రాయండి, తప్పేం లేదు. ఆర్డర్ల మీదికి నెట్టకండి.

ఆ అడుగున రాసింది అక్క కాదు. మీరు. ముప్ఫై ఏళ్లలో ఆవిడ నన్ను తమ్ముడని రాసిన పాపాన పోలేదు. ఆశీస్సులూ లేవు. ఏం రాసేదో మీకు తెలియదు, ఎందుకంటే కవరు మడిచి అంటించేది ఆవిడే. ప్రతిసారీ ఒకే ముక్క: "ఒరేయ్ తుంటరీ, ఎప్పుడొస్తావు?" అంతే. చిన్నప్పుడు నేను పంపు విప్పి వీధంతా నీళ్లు చేసినప్పుడు పెట్టిన పేరు అది.

అంటే ఆవిడ నాకు ఒక్క ముక్క రాయనంది, మీరు ఆ లోటు కనపడకుండా కుట్టారు. సరే, మనసులో ఉన్నది నేనూ చెప్పేస్తాను. రెండేళ్ల కిందట నేను వచ్చినప్పుడు గుమ్మంలోనే "ఎప్పుడొచ్చావు?" అంది. ఇప్పుడే అన్నాను. అన్నం తింటుంటే మళ్లీ "ఎప్పుడొచ్చావు?" సాయంత్రం, పక్కింటావిడ ముందు, మూడోసారి. చుట్టపుచూపుగా వస్తానని ఎత్తిపొడుపు అది, నాకు తెలియదా? ఏళ్ల తరబడి రాలేదు, నిజమే. తిట్టొచ్చుగా. అలా పరాయివాణ్ణి అడిగినట్టు అడుగుతుందా? అందుకే ఒకరోజు ముందే బస్సెక్కేశాను. ఆపడానికి ఆవిడ గుమ్మం దాకా కూడా రాలేదు.

నా కోపం నా దగ్గర ఉంచుకుంటాను. మీరు మాత్రం కోయించుకోండి.

మీ బావమరిది

*

ఏప్రిల్ 14
షాపు నుంచి

ఒరేయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దాచి లాభం లేదు. కుట్టు విప్పేస్తున్నాను.

మీ అక్క నిన్ను ఎత్తిపొడవలేదురా. ఆవిడకి నిజంగా గుర్తు లేదు. నువ్వు పొద్దున వచ్చిన సంగతి అన్నం వేళకి పోయింది, అన్నం తిన్న సంగతి సాయంత్రానికి పోయింది. నువ్వు వెళ్లిపోయిన రాత్రి రెండు కంచాలు పెట్టి మూడోది ఏదని వెతికింది. అంటే నువ్వు వచ్చావని లోపలెక్కడో తెలుసు. అది నీకు ఆ రోజే రాయాల్సింది. రాయలేదు. రాస్తే నిజమవుతుందని భయపడ్డాను.

మూడేళ్లయింది మొదలై. ముందు పాలు పొంగించడం, తరవాత తాళాలు, తరవాత వీధి. ఒకరోజు నాలుగు వీధుల అవతల ఒక బడి గేటు దగ్గర నిలబడి ఉంటే ఎవరో తీసుకొచ్చారు. నిన్ను బడి నుంచి తీసుకెళ్లడానికి వచ్చిందట. అప్పటి నుంచి ఆవిడ జాకెట్లన్నిటికీ మెడ లోపల చిన్న గుడ్డముక్క కుట్టాను, షాపు అడ్రసుతో. బయటికి కనపడకుండా కుట్టాను. దర్జీ పెళ్లాం, లేబులున్న బట్టలే తొడుక్కుంటుందిలే అని షాపు పక్క ఇస్త్రీ అతనితో జోకు కూడా వేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇప్పుడు షాపుకి వచ్చేటప్పుడు బయట తాళం వేసి వస్తాను. పన్నెండింటికి వెళ్లి అన్నం పెడతాను. నాలుగింటికి కట్టేస్తాను. స్నానం చేయించాలి, లేపి కూర్చోబెట్టాలి, కాలు జారితే పట్టుకోవాలి. బిందెడు నీళ్లు ఎత్తకూడదంటే ఆవిణ్ణి ఎవరు ఎత్తుతారు? పిల్లలు లేరు. మూడు రోజులైతే పక్కింటావిడ చూస్తానంది. రెండున్నర నెలలు ఎవరు చూస్తారు? మనుషుల్ని పెట్టి చూశాను. కొత్త మొహం కనిపిస్తే వణికిపోతుంది.

డాక్టరమ్మ అడిగింది, "గుండె బాగుంది, మెడ పొట్టి, ఇంట్లో చూసుకునేవాళ్లుంటే కోసి చెయ్యడమే మేలంటాను, ఉన్నారా?" అని. లేరని చెప్పలేక తొడుగే వెయ్యమన్నాను. నాకు కత్తి అంటే భయం లేదురా. ఆ నూటికి నలుగురు అంటేనూ భయం లేదు, నా ఒక్కడి లెక్కైతే. నాకు కావలసింది ఒకటే. ఆవిడ కన్నా ఒక్క రోజు ఎక్కువ బతకాలి. ఒక్క రోజు చాలు. ఆవిణ్ణి పంపేసి, ఇల్లు ఊడ్చుకుని, తాళం వేసి, మర్నాడు పోతాను. తొడుగు వేయించుకుంటే మూడో రోజుకి ఆవిడ దగ్గరుంటాను. అది జారేలోపు ఎన్నేళ్లో, ఆవిడకి ఎన్నేళ్లో. ముందు నుయ్యి వెనక గొయ్యి. నుయ్యి లోతు తక్కువనిపించింది, అంతే.

ఆ ముక్క నేనే రాశాను. నువ్వు పట్టుకుంటావనుకోలేదు. ఆవిడ రాసేదేమిటో నాకు ఇప్పుడే తెలిసింది.

బావ

*

ఏప్రిల్ 24

బావగారూ,

నాలుగు కాగితాలు రాసి చింపేశాను. ఇది అయిదోది. ఇందులోనూ ఏం రాయాలో తెలియడం లేదు.

రెండేళ్లు. రెండేళ్లు నేను ఆవిడ మీద అలిగాను. బడి గేటు దగ్గర నా కోసం నిలబడిన మనిషి మీద. మిమ్మల్ని పిరికివాడన్నాను. నన్ను క్షమించమని అడగను, మీరు నవ్వుతారు.

పని చెప్తాను. నేను వస్తున్నాను. నా రిటైర్మెంటు మే 31. నా ఆఖరి లైను, పన్నెండు కిలోమీటర్లు, మే 30న నీళ్లు నింపి ప్రెషర్ టెస్టు. వేసినవాడు దగ్గర లేకుండా టెస్టు చెయ్యరు, సంతకం నాదే ఉండాలి. జూన్ 2న మీ గుమ్మంలో ఉంటాను. ఇక్కడ నాకు ఒక ట్రంకు పెట్టె తప్ప ఏమీ లేదు. రెండున్నర నెలలు కాదు, ఎన్నాళ్లైనా సరే. నా మొహం చూస్తే ఆవిడ వణకదు. గుర్తుపట్టకపోయినా వణకదు, నాకు తెలుసు.

కాబట్టి మే 12 రద్దు చేయించండి. తొడుగు వద్దు, డాక్టరమ్మ మేలన్నదే చేయించుకోండి. జూన్‌లో తేదీ తీసుకోండి. మూడు వారాలు ఆగితే ఏమవుతుందో ఆవిణ్ణి అడగండి. ఆ తిత్తి ఇంతకాలం ఆగింది, నిదానమే ప్రధానం. మీరు మంచం మీద, అక్క పక్క మంచం మీద, మధ్యలో నేను జావ గిన్నెతో. ఒక్క రోజు కాదు, పదేళ్లు ఎక్కువ ఉందురు గాని.

అక్క జాకెట్ల లేబుళ్ల మీద కింద నా పేరు కూడా కుట్టండి.

తుంటరి

*

మే 6
షాపు నుంచి

ఒరేయ్ తుంటరీ,

నువ్వే సంతకం పెట్టావు కాబట్టి ఇక నేనూ అలాగే పిలుస్తాను.

డాక్టరమ్మని అడిగాను. మూడు వారాల్లో పగిలే అవకాశం నూటికి ఒక్కటి కూడా లేదంది. "కానీ అసలు లేదని రాసివ్వలేను, బరువులెత్తకండి, బీపీ మాత్రలు మానకండి" అంది. బావమరిది వస్తున్నాడంటే "పైపులాయనేనా?" అని నవ్వింది. జూన్ 6కి తేదీ ఇచ్చింది. కోసి చెయ్యడమే. మే 12 కొట్టేసింది.

చాలా కాలానికి రాత్రి నిద్ర పట్టింది. ఎందుకో తెలుసా? కోతకి కాదు. మీ అక్క కష్టం తనదనుకునే రెండో మనిషి ఈ భూమ్మీద ఉన్నాడని. ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే మోశాను, అది అంత బరువని దించాకే తెలిసింది.

నా కొలతల పుస్తకంలో నీకోసం ఒక పేజీ రాసి పెట్టాను. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూసుకో. కొన్ని ఇక్కడా రాస్తున్నాను, బస్సులో చదువుకో. టీ చల్లారబెట్టి ఇవ్వాలి, వేడి సంగతి మరచిపోతుంది. స్నానానికి ముందు నీళ్లలో ఆవిడ చేతినే ముంచనివ్వాలి, మనం పోస్తే భయం. జాకెట్టు హుక్కులు కింది నుంచి పైకి పెట్టాలి, పై నుంచి పెడితే నా పని తప్పుపడుతుంది, అది మాత్రం మరచిపోలేదు! "గుర్తుందా?" అని ఎప్పుడూ అడగకూడదు. అది పరీక్షలా ఉంటుంది, పాపం తప్పుతుంది. "ఎప్పుడొచ్చావు?" అంటే ఒకటే జవాబు: "ఇప్పుడే." వందసార్లు అడిగినా ఇప్పుడే. నిజానికి అది అబద్ధం కూడా కాదు. ఆవిడకి నువ్వు ప్రతిసారీ ఇప్పుడే వస్తావు.

నిన్న నీ పేరెత్తి, తమ్ముడు వస్తున్నాడంటే, "వాడికి పంపు విప్పొద్దని చెప్పండి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకు నవ్వుతున్నానో తెలియకపోయినా, నాతోపాటు నవ్వింది.

నీ లైను సరిగ్గా టెస్టు చేసి రా. తొందరపడకు.

బావ

*

జూన్ 29
మీ ఇంటి నుంచి

బావగారూ,

షాపు అడ్రసుకి రాస్తే తీసేవాళ్లు లేరు. అయినా మీ ఉత్తరానికి జవాబు బాకీ ఉండిపోయింది, అందుకని రాస్తున్నాను.

మే 26 మధ్యాహ్నం ఒంటిగంటకి సైటు ఆఫీసులో ఫోను మోగింది. ఇస్త్రీ అతను. మీరు బల్ల మీద గుడ్డకి సుద్దగీత గీస్తూ నడుం పట్టుకున్నారట. చెమటలు పట్టేశాయట. అతనూ ఇంకో ఇద్దరూ కలిసి బండి ఎక్కిస్తుంటే, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి, "పన్నెండింటికి అన్నం" అన్నారట. ఆ తరవాత మాట్లాడలేదట. ఆసుపత్రి గుమ్మం చూశారో లేదో అతనికి తెలియదు. నేను అడగలేదు. సరిగ్గా పన్నెండింటికి అతను వెళ్లి అక్కకి అన్నం పెట్టాడు. ఇస్త్రీ పెట్టె ఎవరిదో చొక్కా మీదే వదిలి వెళ్తే అది కాలిందట, చెప్తూ ఏడ్చాడు.

నేను మర్నాడు సాయంత్రానికి చేరాను. మే 30న నా లైను టెస్టు ఎవరో చేశారు. నా సంతకం లేకుండానే. ఒక్క చుక్క కారలేదట. ఆ వార్త రాసిన కార్డు చింపేశాను.

మే 12న ఆ తొడుగు వేయించుకుని ఉంటే 15వ తేదీకి మీరు ఇంట్లో ఉండేవారు. నిదానమే ప్రధానమని రాసింది నేను. ఆలస్యం అమృతం విషమని కూడా మనవాళ్లే అన్నారు, అది నాకు ఆ రోజు తట్టలేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అడిగాను. చాలాసేపు కూర్చోబెట్టింది. నూటికి ఒక్కటి కూడా లేని అపాయం అన్నది నిజమేనంది, మళ్లీ అడిగినా అదే చెప్తానంది, ఆ పొట్టి మెడకి తొడుగు నిలిచేదని కూడా ఎవరూ చెప్పలేరంది. తప్పు మీది కాదంది. ఆవిడ లెక్క సరైనదే అయ్యుంటుంది. కానీ రద్దు చేయించమని రాసింది ఈ చెయ్యే. మీరు నమ్మింది నన్ను. నా నిదానమే మిమ్మల్ని చంపిందని అనుకోకుండా ఒక్క పూట గడవడం లేదు.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. వచ్చిన కొత్తలో అక్క "ఆయనేరి?" అంటే నిజం చెప్పాను. దాచకూడదనుకున్నాను. కుప్పకూలిపోయింది. అరగంటకి కళ్లు తుడుచుకుని, "ఆయనేరి?" అంది. మళ్లీ చెప్పాను. మళ్లీ మొదటిసారి విన్నట్టే ఏడ్చింది. ఒక్క రోజులో మూడుసార్లు మిమ్మల్ని పోగొట్టుకుంది, నా వల్ల. మీ పేజీలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. మీరెలా రాస్తారు! ఇప్పుడు, "షాపులో ఉన్నారు, నాలుగింటికి వస్తారు" అంటున్నాను. నాలుగింటికి కిటికీ దగ్గర కూర్చుంటుంది. అయిదింటికి ఎందుకు కూర్చుందో మరచిపోతుంది. ఆ గంటే నాకు కష్టం.

మిగతావన్నీ మీ పేజీ ప్రకారమే. టీ చల్లార్చి ఇస్తున్నాను. హుక్కులు కింది నుంచి పైకి. మొదటిరోజు పై నుంచి పెడితే చేతి మీద కొట్టింది. లేబుళ్లు చూశాను. కింద నా పేరు కుట్టారు, అన్నిటికీ. ఎర్రదారంతో, నేను రాకముందే.

డాక్టరమ్మ నన్నూ వదల్లేదు. "సిగరెట్లు తాగుతారా? అరవై వచ్చాయా? పడుకోండి" అని స్కాను తీయించింది. రెండు సెంటీమీటర్లు, ఉండాల్సినంతే ఉందట. సిగరెట్లు ఆ రోజే మానేశాను. బతకాలని ఎప్పుడూ ఇంత ఆశ లేదు బావగారూ. మీరడిగిన ఆ ఒక్క రోజు ఇక నేను బతకాలి. ఆవిణ్ణి పంపేసి, ఇల్లు ఊడ్చి, తాళం వేసి, మర్నాడు.

ఇది మీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను, మీ కళ్లజోడు పెట్టుకుని. నాకూ అదే నంబరట. అక్క ఇందాకటి నుంచి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇప్పుడు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "తుంటరికేనా రాస్తున్నారు? ఇలా ఇవ్వండి, నేనూ ఒక ముక్క రాస్తాను" అంటోంది. నన్ను మీరనుకుంటోంది. కలం కోసం చెయ్యి చాచింది.

ఇస్తున్నాను.

ఒరేయ్ తుంటరీ, ఎప్పుడొస్తావు?